దోర్నపాల్ పరిసరాల్లో క్రిస్మస్: అందరి పండుగ, శబరి–గోదావరి దారి

దోర్నపాల్ ఛత్తీస్‌గఢ్ రాష్ట్రానికి దక్షిణపు కొసన, సుక్మా జిల్లా కోంటా తహసీల్లో ఉన్న చిన్న పట్టణం. జగదల్‌పూర్ నుంచి సుక్మా, కోంటా, చింతూరు, భద్రాచలం, కొత్తగూడెం మీదుగా విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం దాకా వచ్చే 30వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మధ్య నుంచే పోతుంది. తూర్పున శబరి నది, అది దాటితే ఒడిశాలోని మల్కనగిరి జిల్లా. పడమట జగర్‌గుండ వైపు అడవి దారి. సంతలో హిందీ, హల్బీ, గోండీ, దోర్లీ, తెలుగు అన్నీ వినిపిస్తాయి. దోర్లలు కోయల్లో ఒక శాఖ. వాళ్ల మాటలో తెలుగు బాగా కలిసి ఉంటుంది. పాత దంతెవాడ జిల్లాను విడగొట్టి 2012లో సుక్మా జిల్లా చేశారు గానీ, ఈ ప్రాంతపు రాకపోకలు, పెళ్లి సంబంధాలు, మిర్చి కోతల వలసలు జిల్లా, రాష్ట్ర సరిహద్దులను ఏనాడూ లెక్కచేయలేదు.

యేసు పుట్టుక కబురు ఏ ఒక్క జాతికో పరిమితం కాదు, ప్రజలందరిదీ అని క్రైస్తవం మొదటినుంచీ చెప్పుకుంటూ వచ్చింది. ఆ మాట శబరి, గోదావరి నదుల వెంట ఈ గూడేలకు ఎలా చేరింది, ఇక్కడ ఎవరిని కలుపుకుంది, ఎక్కడ అడ్డం తగిలి ఆగింది అన్నదే ఈ వ్యాస విషయం. కలుపుకోవడం ఒక వైపు నుంచే జరిగేది కాదు. సంఘం బయటివాళ్లకు తలుపు తీయాలి, ఊరు కూడా తనలోంచి సంఘానికి వెళ్లినవాళ్లకు చోటు ఉంచాలి. దోర్నపాల్ చుట్టుపక్కల చరిత్రలో ఈ రెండూ ఏ ఒక్క కాలంలోనూ పూర్తిగా కుదిరినట్టు కనిపించదు.

గ్రంథంలో ఉన్నది

క్రిస్మస్ కథ నాలుగు సువార్తల్లో రెండింటిలోనే ఉంది. మత్తయి, లూకా ఒకే సంగతిని వేర్వేరు మనుషుల వైపు నుంచి చెప్పారు. లూకా సువార్తలో ఆ కబురు మొదట అందేది రాత్రిపూట మంద కాచుకునే గొర్రెల కాపరులకు. రాజుకు గానీ, దేవాలయ పెద్దలకు గానీ కాదు. బిడ్డ పడుకున్నది పశువుల తొట్టిలో, ఎందుకంటే సత్రంలో చోటు లేదు. మత్తయి సువార్తలో ముందుగా వచ్చేవాళ్లు తూర్పుదేశపు జ్ఞానులు. వాళ్లు యూదులు కారు, యూదుల ధర్మశాస్త్రం పాటించేవాళ్లూ కారు. తమకు తెలిసిన నక్షత్ర విద్యను పట్టుకునే దారి వెతుక్కుంటూ వచ్చారు. మన సంఘాల్లో పిల్లలు వేసే నాటకంలో గొల్లలూ జ్ఞానులూ ఒకే తొట్టి ముందు మోకరిస్తారు కాబట్టి ఈ రెండు కథలూ ఒకటే అనిపిస్తాయి. విడివిడిగా చదివితే ఒక సువార్త సమాజంలో అట్టడుగున ఉన్నవాణ్ణి పిలిచిందనీ, రెండోది సమాజానికి బయటివాణ్ణి పిలిచిందనీ తెలుస్తుంది.

మత్తయి తన సువార్తను వంశావళితో మొదలుపెట్టాడు. తండ్రుల పేర్లు వరసగా చెప్పే ఆ జాబితాలో మరియమ్మ కాక నలుగురు ఆడవాళ్లను చేర్చాడు: తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య. రాహాబు కనాను స్త్రీ, యెరికో పట్టణంలో వేశ్య. రూతు మోయాబు దేశస్థురాలు. ఆ వంశం గొప్ప చెప్పుకోవాలనుకునేవాడు దాచిపెట్టే పేర్లివి. ఇక లూకా మరియమ్మ చేత పాడించిన పాటలో బలవంతులు గద్దెలు దిగుతారు, ఆకలిగొన్నవాళ్ల కడుపు నిండుతుంది. క్రిస్మస్ అంటే అందరితో మంచిగా ఉండడం అన్నంత మెత్తగా ఈ సందేశాన్ని చెప్పుకోవడం అలవాటైపోయింది గానీ, మూలంలో అది అంత మెత్తనిది కాదు.

తేదీ సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. డిసెంబరు 25న యేసు పుట్టాడని సువార్తల్లో లేదు. 354 నాటి రోమా పంచాంగ సంకలనంలో ఆ తేదీ కనిపిస్తుంది. జనవరి 6 నాటి ఎపిఫనీ పండుగ తూర్పు సంఘాల్లో అంతకన్నా పాతది; పాశ్చాత్య సంఘాల్లో అది జ్ఞానుల రాకను స్మరించే పండుగ. ఆ రెండో పండుగతో తెలుగునేలకు ప్రత్యేక సంబంధం ఉంది. దాని సంగతి కింద వస్తుంది.

దుమ్ముగూడెం మీదుగా

ఈ అడవుల్లోకి క్రైస్తవం కాలినడకన వచ్చిందనుకుంటాం. నిజానికి అది పడవల పనితో వచ్చింది. గోదావరిని ఎగువదాకా నౌకాయానానికి వీలు చేసి మధ్య పరగణాల పత్తిని సముద్రానికి దింపాలని 19వ శతాబ్దం మధ్యలో ఒక పెద్ద పథకం నడిచింది. భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట పని ఆ పథకంలో భాగం. ఆ పని చూసుకున్న ఇంజనీరు కెప్టెన్ ఎఫ్.టి. హేగ్. పనిచోటుకు చుట్టూ ఉన్న కోయ గూడేలను చూసి చర్చి మిషనరీ సొసైటీని ఇటు రప్పించినవాడు ఆయనే. 1860 దశకం మొదట్లో కోయ మిషన్ దుమ్ముగూడెంలో మొదలైంది. హేగ్ కింద పనిచేసిన తెలుగు ఉద్యోగి ఐ. వెంకటరామరాజు ఆ మిషన్‌కు తొలినాటి బోధకుడయ్యాడు. పత్తి పడవల పథకం చివరికి మూలబడింది. మిషన్ నిలిచింది.

1870ల నుంచి దుమ్ముగూడెంలో ఉన్న రెవరెండ్ జాన్ కెయిన్ పేరు కోయల గురించి చదివే ప్రతివాళ్లకూ తగులుతుంది. భద్రాచలం, రేకపల్లి తాలూకాల మీద ఆయన ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో రాశాడు. కోయల మీద ఆయన రాసిన మరో వ్యాసం 1881లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వచ్చింది. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన దక్షిణభారత కులాలు, తెగల సంపుటాల్లో కోయల అధ్యాయం చాలావరకు కెయిన్ చెప్పిన సంగతుల మీదే నిలబడింది. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1874 దాకా మధ్య పరగణాల్లో ఉండి, ఆ ఏడు మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో కలిశాయి. పాలన మారినా శబరికి ఆ పక్క బస్తర్ సంస్థానం, ఈ పక్క రేకపల్లి ఒకే కోయ సీమగా మెలిగాయి. దుమ్ముగూడెంలో జరిగినదాన్ని దోర్నపాల్ చరిత్రకు ముందుమాటగా చదవవలసింది ఇందుకే.

ఆ మిషన్ చేసిన పనుల్లో క్రిస్మస్‌కు దగ్గరి సంగతి ఒకటుంది. 1889లో లూకా సువార్త కోయ భాషలో అచ్చయింది. గొల్లల కథా, పశువుల తొట్టీ, మరియమ్మ పాటా ఉన్న సువార్త అదే. కోయలకు తెలుగు వస్తుంది కదా, తెలుగు బైబిలు చాలదా అని ఆనాడే అనుకోవచ్చు. సంతలో బేరమాడే భాషలో దేవుడి మాట వినడం వేరు, ఇంట్లో తల్లి పిలిచే భాషలో వినడం వేరు. కలుపుకోవడం గురించి ఎన్ని ప్రసంగాలు చేసినా ఆ పల్చటి పుస్తకం చేసినంత పని చేయలేవని ఈ వ్యాసకర్త నమ్మకం. అయితే ఆ తరువాతి తరాల్లో తెలుగు పాస్టర్లు, తెలుగు పాటల పుస్తకం వచ్చి కూర్చోవడంతో చాలా గూడేల్లో ఆరాధన తెలుగులోనే స్థిరపడింది. శబరికి ఆవల హిందీ ఆ చోటు తీసుకుంది. కోయ, దోర్లీ బాణీల్లో కట్టిన పాటలు ఇప్పుడు మళ్లీ సంఘాల్లోకి వస్తున్నాయి. రావలసిన పాటలే.

బస్తర్ లోపలికి ఇంకో దారి జగదల్‌పూర్ మీదుగా ఉంది. నైజాం రాష్ట్రంలోని ఇల్లెందు ప్రాంతంలో తెలుగు మిషన్ నడిపిన అమెరికన్ మెథడిస్టు సి.బి. వార్డ్ 1890ల్లో జగదల్‌పూర్ చేరి అక్కడ పని మొదలుపెట్టాడు. జగదల్‌పూర్‌లో జనం లాల్ చర్చి అని పిలిచే ఎర్రటి మెథడిస్టు చర్చి అసలు పేరు చందయ్య మెమోరియల్ చర్చి. కతోలికులు ఆలస్యంగా వచ్చారు. కేరళకు చెందిన సీరో మలబార్ సంప్రదాయంలో జగదల్‌పూర్ కేంద్రంగా 1972లో ఏర్పడిన పాలనా విభాగం 1977లో పూర్తిస్థాయి మేత్రాసనం (బిషప్ పాలనా పరిధి) అయింది. పాత బస్తర్ జిల్లా అంతా దాని పరిధే కనుక దోర్నపాల్ కూడా అందులోకే వస్తుంది. ఇంత చిన్న ప్రాంతంలో తెలుగు ప్రొటెస్టెంటు ధోరణి, హిందీ మెథడిస్టు ధోరణి, మలయాళీ కతోలిక ధోరణి, వీటికి తోడు ఏ పెద్ద సంఘానికీ చెందని పెంతెకొస్తు ప్రార్థనా గుంపులు కలిసి ఉన్నాయి. ఒకే గూడెంలో రెండిళ్లవాళ్లు రెండు రకాలుగా క్రిస్మస్ చేసుకోవడం వింతేమీ కాదు.

దోర్నకల్: జ్ఞానుల పండుగ పేరుతో గుడి

దోర్నపాల్, దోర్నకల్ పేర్లు పక్కపక్కనే వినిపిస్తాయి గానీ రెండూ వేర్వేరు ఊళ్లు. దోర్నకల్ తెలంగాణలో, డోర్నకల్ జంక్షన్ అని రైలు ప్రయాణికులందరికీ తెలిసిన చోటు. అయితే భద్రాచలం–దుమ్ముగూడెం కోయ మిషన్ తరువాతి కాలంలో ఈ దోర్నకల్ మేత్రాసనం కిందికే వచ్చింది. కాబట్టి శబరి తీరపు సంఘాల కథ దోర్నకల్‌ను తాకకుండా సాగదు.

తిరునల్వేలి జిల్లా వెల్లాలన్‌విలైలో 1874లో పుట్టిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య తమిళుడు. తమ డబ్బుతో, తమ మనుషులతో భారతీయులే నడపాలన్న పట్టుదలతో 1903లో ఆయన చొరవతో మొదలైన తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ ఎంచుకున్న తొలి క్షేత్రం దోర్నకల్. 1912 డిసెంబరు 29న, అంటే క్రిస్మస్ వారంలోనే, కలకత్తాలో అజరయ్యకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. అంతకు రెండేళ్ల ముందు, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగం ఇంకా చెప్పుకుంటారు. పాశ్చాత్య మిషనరీలు త్యాగాలు చేశారు, మంచిదే, కానీ మమ్మల్ని స్నేహితులుగా చూడలేదని ఆయన అక్కడి పెద్దల ముఖం మీదే అన్నాడు. కలుపుకుంటున్నామని చెప్పుకునేవాళ్లు భోజనాల బల్ల దగ్గర మనిషిని ఎక్కడ కూర్చోబెడుతున్నారో చూడాలన్న ఆ నిలదీత ఈనాటికీ పాతబడలేదు.

అజరయ్య కాలంలో దోర్నకల్ మేత్రాసనంలో సంఘాలు ప్రధానంగా మాల, మాదిగ పల్లెల్లో పెరిగాయి. ఆయన 1945 జనవరి 1న కన్నుమూసేనాటికి సంఘసభ్యులు రెండు లక్షలు దాటారు. పల్లెలకు పల్లెలు మతం మారడాన్ని గాంధీజీ తప్పుపట్టారు. అజరయ్య తన వాదన మీద నిలబడ్డాడు. ఊరి బావి నీళ్లకు నోచుకోని మనిషికి దేవుడి ముందు తానూ మనిషినేనన్న ధైర్యం కలగడాన్ని కేవలం ప్రలోభం అని కొట్టిపారేయడం అన్యాయమే. గుంపులో కలిసి వచ్చిన ప్రతివాళ్ల మనసూ మారిందని చెప్పడం కూడా నిజం కాదు. రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకునే ఆ కాలాన్ని చదవాలి.

దోర్నకల్ కథీడ్రల్‌ను 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. పేరు ఎపిఫనీ కథీడ్రల్, అంటే అన్యజనులైన జ్ఞానులకు క్రీస్తు కనిపించిన పండుగ పేరు. కట్టడం కూడా ఆ పేరుకు తగ్గట్టే ఉంది. గుడి మండపాన్ని తలపించే స్తంభాలు, మసీదును గుర్తుచేసే గుమ్మటాలు, వాటి మీద సిలువ. ఇంగ్లండు పల్లెటూరి చర్చి నమూనాను తెచ్చి తెలంగాణ ఎండలో నిలబెట్టడానికి అజరయ్యకు మనసొప్పలేదు. తూర్పుదేశపు జ్ఞానులు తమ కానుకలు తాము తెచ్చుకున్నట్టు ఈ నేల కూడా తన శిల్పాన్ని తాను తెచ్చుకోవాలని ఆయన భావన. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు దోర్నకల్ అందులో ఒక మేత్రాసనమైంది.

మెదక్ కథీడ్రల్ కథ అందరికీ తెలిసిందే కనుక ఒక్క మాట. కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని చార్లెస్ వాకర్ పోస్నెట్ మొదలుపెట్టించిన ఆ నిర్మాణాన్ని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. ఇవాళ క్రిస్మస్‌నాడు అక్కడికి వచ్చే జనంలో హిందువులు, ముస్లింలు కూడా ఉంటారు. కొవ్వొత్తి వెలిగించి, పిల్లలకు చర్చి చూపించి వెళ్తారు.

నక్షత్రం, కేరల్స్, ప్రేమ విందు

తెలుగు సంఘాల్లో, శబరి వెంట తెలుగు వినిపించే గూడేల్లో క్రిస్మస్ డిసెంబరు మొదటి వారానికే మొదలవుతుంది. అప్పటికి వరి కోతలు అయి కళ్లాల పని నడుస్తుంటుంది, తెల్లవారుజామున మంచు పడుతుంటుంది. యువకులు వెదురు బొంగును సన్నటి దబ్బలుగా చీల్చుతారు. అయిదేసి దబ్బలతో రెండు నక్షత్రాలు కట్టి, వాటిని మొనల దగ్గర ఒకదానితో ఒకటి కలిపి, మధ్యలో పొట్టి పుల్లలు నిలబెడితే నక్షత్రం ఉబ్బుతుంది. మైదాపిండి ఉడికించిన జిగురుతో రంగుకాగితాలు అంటిస్తారు. లోపల బల్బు పెట్టడానికి వెనకవైపు ఒక కాగితం అంటించకుండా వదిలేస్తారు. పొడుగాటి గడకు కట్టి ఇంటి ముందు ఎత్తితే అది గూడెం చివరిదాకా కనిపిస్తుంది. కరెంటు లేని చోట్ల ఒకప్పుడు లాంతరు వేలాడదీసేవాళ్లు. కాగితం అంటుకోకుండా చూసుకోవడం పిల్లల పని.

తరువాత కేరల్స్. డోలకు, తాళాలు పట్టుకుని రాత్రిళ్లు ఇంటింటికీ తిరిగి పాడతారు. పాడేవాటిలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలోని పాటలు ఉంటాయి. ఆ పుస్తకానికి వెన్నెముక అనదగ్గ పురుషోత్తమ చౌధరి 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటక్‌లో బాప్తిస్మం తీసుకున్నాడు. రాగం, తాళం సూచించి కీర్తన పద్ధతిలో ఆయన రాసిన పాటలను లూథరన్లు, బాప్టిస్టులు, దక్షిణ ఇండియా సంఘంవాళ్లు అందరూ పాడుకుంటారు. వాళ్ల మధ్య సిద్ధాంతాల్లో ఎంత దూరం ఉన్నా ఈ పుస్తకం దగ్గర ఒకటే. కేరల్స్ బృందం క్రైస్తవుల ఇళ్లకే పోతుందనుకోకూడదు. పిలిచిన ప్రతి ఇంటి ముందూ ఆగుతుంది. కొన్నిచోట్ల పిలవకపోతే నొచ్చుకునే పొరుగువాళ్లూ ఉంటారు.

క్రిస్మస్ ఆరాధన అయ్యాక జరిగే ప్రేమ విందు ఈ పండుగకు అసలైన గుర్తు. పాస్టరు అయ్యగారి దీవెన కాగానే నేల మీద బారుగా చాపలు పరుస్తారు. అడవి గూడేల్లో అడ్డాకు విస్తళ్లలో అన్నం, కోడికూర, చారు. వండేవాళ్లలో, వడ్డించేవాళ్లలో, తినేవాళ్లలో అన్ని ఇళ్లవాళ్లూ ఉండాలన్నది నియమం. కులం పేరుతో నీళ్లు కూడా దోసిట్లో పోయించుకున్న తరాలకు ఒకే బంతిలో కూర్చుని తినడం ఎంత పెద్ద సంగతో ఆ విందుకు వెళ్లినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

సాహిత్యంలో ఈ భావనను అందరికన్నా లోతుగా పట్టుకున్నవాడు గుర్రం జాషువ. ఆయన 1895లో వినుకొండలో పుట్టాడు. తండ్రి గొల్ల, తల్లి మాదిగ. జీవితమంతా కులం ఆయన్ను వెంటాడింది. క్రీస్తు చరిత్ర కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పద్యం మీద పండితులకే హక్కు అనుకునే రోజుల్లో అదే పద్యంలో క్రీస్తును తెలుగువాడిగా నిలబెట్టాడు. సినిమాలో ఆ పని చేసింది 1978లో వచ్చిన కరుణామయుడు. విజయచందర్ యేసుగా నటించిన ఆ తెలుగు చిత్రం హిందీలో దయాసాగర్ పేరుతో ఉత్తర, మధ్య భారతంలోని పల్లెపల్లెకూ తెర కట్టి చూపించేంతగా పోయింది. అక్కడి ఎంతోమంది చూసిన మొదటి యేసు తెలుగు నటుడే.

సంఘం లోపలి గోడలు

ఇంతవరకు చెప్పినది వెలుగు వైపు. సంఘం తన లోపలే ఎవరిని దూరం పెట్టిందో చెప్పకుండా వదిలేస్తే ఈ వ్యాసం సగమే అవుతుంది. తెలుగు జిల్లాల్లో ఫలానాది మాల చర్చి, ఫలానాది మాదిగ చర్చి అని జనం మామూలుగానే అంటారు. పై కులాల నుంచి వచ్చిన కతోలికులకు, దళిత కతోలికులకు మధ్య పెళ్లి సంబంధాలు అరుదు. ఒకే గురువు రెండు పేటల్లో రెండు క్రిస్మస్‌లు జరిపించడం ఉంది. దళిత క్రైస్తవులు దీన్ని ఎప్పటినుంచో నిలదీస్తున్నారు. రెండు మలుపులు ఇక్కడ చెప్పుకోవాలి. 2013 సెప్టెంబరులో ఎగ్గోని పుష్పలలిత నంద్యాల మేత్రాసనానికి బిషప్‌గా అభిషిక్తురాలై దక్షిణ ఇండియా సంఘంలో తొలి మహిళా బిషప్ అయ్యారు. 2022 ఆగస్టులో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ కార్డినల్ అయ్యారు. ఆ స్థానానికి చేరిన తొలి తెలుగువాడు, తొలి దళితుడు ఆయన. వంశావళిలో నలుగురు ఆడవాళ్ల పేర్లు రాసిన సువార్తను చదివే సంఘానికి ఒక మహిళ బిషప్ కావడానికి ఇంతకాలం పట్టడం బాధాకరం.

చట్టం గోడ మరొకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా హిందువులకు, తరువాతి సవరణలతో సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే వర్తిస్తుంది. క్రైస్తవుడైన దళితుడికి అది పోతుంది. షెడ్యూల్డ్ తెగలకు ఆ షరతు లేదు. కోయ మనిషి ఏ మతంలో ఉన్నా చట్టం దృష్టిలో కోయే. దాన్ని మార్చాలనీ, మతం మారిన ఆదివాసులను జాబితా నుంచి తీసేయాలనీ మధ్యభారతంలో ఉద్యమాలు సాగుతున్నాయి. బస్తర్‌లో ఇవాళ క్రైస్తవ ఆదివాసి భయమంతా ఈ మాట చుట్టూనే తిరుగుతోంది.

2005 తరువాత

దోర్నపాల్ పేరు దేశమంతటికీ తెలిసింది పండుగల వల్ల కాదు. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వా జుడుం మొదలయ్యాక చుట్టుపక్కల ఊళ్లను ఖాళీ చేయించి రోడ్డు పక్కన శిబిరాలు వేశారు. దోర్నపాల్ శిబిరం వాటిలో పెద్దదాన్లలో ఒకటి. కొంచెం కిందికి ఉన్న ఎర్రబోరు శిబిరం మీద 2006 జులైలో మావోయిస్టులు దాడి చేశారు. దోర్నపాల్–జగర్‌గుండ దారి వెంట ఉన్న తాడ్‌మెట్ల దగ్గర 2010 ఏప్రిల్ 6న 76 మంది భద్రతా సిబ్బంది చనిపోయారు. 2011 జులై 5న సుప్రీంకోర్టు ఆదివాసి యువకులను ప్రత్యేక పోలీసులుగా ఆయుధాలిచ్చి వాడడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది.

రెండు తుపాకుల మధ్య నలిగిన కుటుంబాలు కొన్ని శిబిరాల్లోకి, మరికొన్ని శబరి, గోదావరి దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వెళ్లాయి. వాళ్లనే ఇప్పుడు తెలుగు రాష్ట్రాల్లో గుత్తికోయలంటున్నారు. సొంత రాష్ట్రంలో షెడ్యూల్డ్ తెగ అయినవాళ్లకు ఇక్కడ ఆ ధ్రువపత్రం దొరకదు. పోడు కొట్టుకున్న నేలకు పట్టా లేదు. అటవీ అధికారులు గుడిసెలు పీకించిన సందర్భాలున్నాయి. వాళ్ల గుంపుల్లోకి బడి, మందులు, బోరుబావి పట్టుకుని వెళ్లినవాళ్లలో స్వచ్ఛంద సంస్థలతో పాటు చర్చి మనుషులూ ఉన్నారు. కొన్ని గుంపుల్లో తడికెల చర్చిలు లేచాయి.

మత్తయి సువార్తలో జ్ఞానులు వెళ్లిపోయాక యోసేపు రాత్రివేళ బిడ్డనూ తల్లినీ తీసుకుని ఐగుప్తుకు పారిపోతాడు. వెనక హేరోదు సైనికులు పసిపిల్లలను చంపుతుంటారు. మైదాన ప్రాంతపు సంఘాల్లో ఆ భాగాన్ని నాటకంలో సాధారణంగా వదిలేస్తారు. పండుగపూట చావు మాటెందుకని. గుత్తికోయల ముందు క్రిస్మస్ సందేశం చెప్పేవాళ్లు ఆ భాగాన్ని వదలకూడదు. రాత్రికి రాత్రి బిడ్డను చంకనేసుకుని సరిహద్దు దాటిన తల్లికి ఆ కథలో తన పేరు దొరుకుతుంది.

పండుం, చందా, మట్టి

ఇక ఇవాళ్టి గొడవల సంగతి. కోయ ఊరికి పటేల్, పూజారి ఉంటారు. విత్తనాలప్పుడు విజ్జ పండుం, కొత్త పంట తినే ముందు కొత్తల పండుగ, ఊరి దేవతలకు కొలుపు. ఇవి ఏ ఒక్క ఇంటి మొక్కులో కావు. ఊరంతా చందా వేసుకుని, కోడినో మేకనో కోసి, ఇప్పసారా, జీలుగు కల్లు ధార పోసి, ఆ తరువాతే విత్తనం నేల మీద వేస్తారు. ఒక ఇల్లు రానంటే మొత్తం ఊరి పంటకు, ఆరోగ్యానికి చేటని వాళ్ల నమ్మకం. క్రైస్తవంలోకి వెళ్లిన కుటుంబం సారా మానేస్తుంది, బలి మాంసం తినదు, చందా ఇవ్వనంటుంది. సారా మానడంతో ఆ ఇంటి ఆడవాళ్లకు, పిల్లలకు జరిగిన మేలు కళ్లకు కనిపించేదే. కానీ మూరెడు ఎడంలో ఉన్న అన్నదమ్ములకు అది మమ్మల్ని కాదన్నారన్నట్టు తోస్తుంది. కొందరు బోధకులు ఊరి దేవతలను దయ్యాలని బహిరంగంగా తూలనాడడం నిప్పుకు గాలి విసిరినట్టే. అందరి దేవుడి గురించి చెప్పేవాడు పక్కింటివాడి దేవతను అవమానించి ఆ మాటను తానే అబద్ధం చేస్తున్నాడు.

అవతలి వైపు చేసింది అంతకన్నా కఠినం. 2022 డిసెంబరులో, సరిగ్గా క్రిస్మస్ ముందు, నారాయణపూర్, కొండగావ్ జిల్లాల్లో క్రైస్తవ ఆదివాసి కుటుంబాలను ఊళ్లలోంచి వెళ్లగొట్టారు. చలిలో వాళ్లు ఇండోర్ స్టేడియంలో, శిబిరాల్లో తలదాచుకున్నారు. 2023 జనవరి 2న నారాయణపూర్‌లో చర్చి మీద దాడి జరిగింది. ఆపబోయిన జిల్లా ఎస్పీ తలకు గాయమైంది. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని నమ్మే, ఆచరించే, ప్రచారం చేసే హక్కు ఇచ్చింది. మధ్యప్రదేశ్ 1968లో చేసిన చట్టాన్ని 1977లో స్టానిస్లాస్ కేసులో సమర్థించిన సుప్రీంకోర్టు, ప్రచారం చేసే హక్కు వేరు, ఎదుటివాణ్ణి మార్చే హక్కు వేరు అని చెప్పింది. బలవంతం, ప్రలోభం తప్పని చట్టం అంటోంది. ఇష్టపడి మారినవాణ్ణి ఊరు వెళ్లగొట్టవచ్చని ఏ చట్టమూ అనలేదు.

అన్నిటికన్నా నొప్పి కలిగించేది చావు దగ్గర వచ్చే గొడవ. ఊరి నేల పూర్వీకులది. చనిపోయినవాళ్ల పేరున నిలువురాళ్లు నాటే సీమ ఇది. ఆ మట్టిలో సిలువ పాతితే నేల మైలపడుతుందని ఊరు అడ్డుపడుతుంది. బస్తర్ జిల్లా ఛింద్‌వాడాలో 2025 జనవరి 7న చనిపోయిన పాస్టరు శవం ఊళ్లో ఖననం చేయనివ్వక ఇరవై రోజులు మార్చురీలోనే ఉంది. తాత, మేనత్త అదే ఊరి శ్మశానంలో క్రైస్తవుల భాగంలో ఉన్నారని కొడుకు సుప్రీంకోర్టుకు వెళ్లాడు. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు రెండు రకాలుగా తీర్పు చెప్పారు. సొంత పొలంలో పూడ్చుకోనివ్వాలని జస్టిస్ బి.వి. నాగరత్న, క్రైస్తవులకు కేటాయించిన చోటే పూడ్చాలని జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ. శవం ఇంకా ఆగకూడదని ఇద్దరూ కలిసి ఇచ్చిన ఆదేశం ప్రకారం ఊరికి ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలోని కర్కాపాల్ శ్మశానంలో పోలీసు రక్షణతో ఖననం చేయాల్సి వచ్చింది.

ఈ గొడవలకు కోర్టు దగ్గర మందు ఉన్నా అది చివరి మందు. మొదటి మందు కోయ కుటుంబంలోనే ఉంది. గట్టుల (వంశ శాఖల) లెక్కన నడిచే మేనరికాలు మతం మారినా తెగవు. అన్న కొలుపు చేస్తాడు, తమ్ముడు చర్చికి పోతాడు, బావ రెండింటికీ వస్తాడు. ఊరి చందాలో బలి ఖర్చు, ఊరి భోజనం ఖర్చు, చెరువు గట్టు, దారి బాగు ఖర్చు విడివిడిగా రాసుకుంటే, మనసు ఒప్పని ఖర్చు మినహా మిగిలినదంతా క్రైస్తవ ఇల్లు ముందుగా వచ్చి ఇవ్వగలదు. సంఘం తన ప్రేమ విందుకు పటేల్‌ను, పూజారిని మొదటి బంతిలో పిలవగలదు. శ్మశానంలో ఒక పక్క చోటు గ్రామసభ తీర్మానంతో కాగితం మీద రాయించుకోవడం ఎవరూ చావకముందే, కోతలయ్యాక ఊరు తీరికగా ఉన్న రోజుల్లో చేయవలసిన పని.